మా తమ్ముడు ఒక గురువు గుంపులో చిక్కుకున్నాడు, ఎలా తెచ్చుకోవాలి?

మీరు మహారాష్ట్రలోని రాజురా నుంచి అడిగారు, మాది పక్కనే బల్లార్షా. మీ తమ్ముడు తెలివితక్కువవాడు కాదు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో చావు జరిగినప్పుడో ఆప్యాయంగా పలకరించే మనుషులు దొరుకుతారు. తర్వాతే నిద్ర తగ్గిస్తారు, డబ్బు అడుగుతారు, ‘ఇంటోళ్లే నీకు అడ్డు’ అంటారు. 1950లలో చైనా చెరల నుంచి బయటపడ్డవాళ్లను పరిశీలించిన అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ కూడా, మనసు మార్చే పద్ధతుల్లో బయటి మాట చెవిన పడనివ్వకపోవడాన్నే మొదట చెప్పాడు.

అందుకే గురువును తిట్టకండి. తిడితే వాళ్లు చెప్పిందే నిజమవుతుంది. మా చిన్నమ్మ బిడ్డ రెండేళ్లు అలాగే దూరమైంది. చిన్నమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి చిక్కుడు కాసిందని, బర్రె ఈనిందని, అంతే చెప్పేది. ఒక రాత్రి ఆ పిల్లే అడిగింది, “అమ్మా, ఇంటికి రానా?” అని. వచ్చిన రోజు ఎవరూ ఏమీ అడగలేదు, పప్పుచారుతో అన్నం పెట్టారు. ఆర్నెల్లదాకా ఏ చీర కట్టుకోవాలో కూడా అడిగేది. అది సహజం, తొందరపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దెయ్యం వదిలిస్తామని కొట్టినా, మహిమల పేరుతో డబ్బు గుంజినా, పాము కాటుకు ఆసుపత్రికి పోనివ్వకపోయినా చేతబడి, మూఢాచారాలను అడ్డుకునే మహారాష్ట్ర 2013 చట్టం కింద నేరమే. అప్పుడు మాత్రం ఆగకుండా పోలీసుల దగ్గరికి వెళ్లండి.