జీబ్రా గీతలు కనిపించగానే

అమ్మలూ,

లైసెన్స్ చేతికొచ్చిందని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషమేసింది. రేపటి నుంచి ఆఫీసుకు నువ్వే నడుపుకుంటూ వెళ్తావట. ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టినవాణ్ణి కాబట్టి ఒక్క విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

సిగ్నల్ ఉన్నచోట ఎర్ర లైటే నిన్ను ఆపుతుంది. చిక్కంతా సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గరే. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో దీనికి నియమం ఉంది. దాటుతున్నవాళ్లకే కాదు, దాటబోతున్నవాళ్లకు కూడా ప్రమాదం లేనంత నెమ్మదిగా రావాలి, అవసరమైతే ఆగాలి. ఆ ‘దాటబోతున్నవాళ్లు’ అన్న మాట బాగా గుర్తుపెట్టుకో. అంచున నిలబడి నీ వైపు చూస్తున్న మనిషి కూడా అందులోకే వస్తాడు. అడుగు ముందుకు వేశాక ఆగుదాంలే అనుకోకు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకే బండి 14 మీటర్లు పోతుంది. నీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది. పూర్తిగా ఆగేసరికి, పొడి రోడ్డు మీద కూడా పాతిక మీటర్లు దాటుతుంది. 30లో వస్తే అది దాదాపు సగానికి తగ్గుతుంది. అందుకే గీతలు కనిపించగానే, మనిషి ఉన్నా లేకపోయినా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. వానలో అయితే ఇంకా ముందే.

ఇప్పుడు నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను. ఒకసారి గీతల ముందు ఆగాను. పక్కన స్కూలు బ్యాగుతో ఒక పిల్లాడు. ‘రా, దాటు’ అని చెయ్యి ఊపాను. నన్ను నమ్మి వాడు పరుగందుకున్నాడు. పక్క లేన్‌లో వస్తున్న బండికి నా కారు అడ్డం, వాడు కనపడలేదు. ఆఖరి క్షణంలో వెనక్కి గెంతాడు కాబట్టి బతికాడు. నాకు చేతులు వణికి చాలాసేపు బండి కదపలేకపోయాను. ఆరోజు నుంచి ఎవరికీ చెయ్యి ఊపను. నువ్వూ ఊపకు. ఆగి ఊరుకో, అటూ ఇటూ చూసుకుని వాళ్లే దాటుతారు.

రెండోవైపు నుంచి కూడా ఇదే ఆలోచించు. గీతల ముందు ఏదైనా బండి ఆగి ఉందంటే, దాని ముందు మనిషి ఉన్నాడనే అనుకో. దాన్ని దాటి ముందుకు పోకు. ఇలాంటి చోట జరిగే ప్రమాదాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఆగేటప్పుడు గీతల మీదికి ఎక్కించకు. కాస్త ముందే ఆగితే పక్క లేన్ వాళ్లకు కూడా మనిషి కనిపిస్తాడు. మలుపు తిరిగేటప్పుడు కారు ముందద్దం పక్కనున్న స్తంభం చాటున మనిషి మొత్తం దాగిపోతాడు, తల కొంచెం ముందుకు వంచి చూడు. ముసలివాళ్లు సగంలో ఉన్నప్పుడు హారన్ కొట్టకు, బండిని అంగుళం అంగుళం జరపకు. వాళ్లకు కంగారొస్తే కాలు తడబడుతుంది. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ, నువ్వు టెన్షన్ పడకు.

ఈ ఆదివారం ఒక పని చెయ్. నువ్వు రోజూ వెళ్లబోయే దారిలో ఉన్న క్రాసింగులన్నీ ఒకసారి నడిచి దాటు. ఏ బండి ఎక్కడ ఆగితే నీకు ధైర్యంగా అనిపించిందో చూసి, నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న