కుక్కీలు పీకినా మళ్ళీ మొలుస్తున్నాయా బుజ్జీ

బుజ్జీ,

నీ మెసేజ్ చూశా. అమ్మకి చెవి మిషను కొందామని రెండు సైట్లు తిరిగావు, అప్పట్నుంచి ఆ లాప్‌టాప్ ఎవరు తెరిచినా అదే యాడ్, మీ అమ్మ ఆవకాయ కొలతలు చూసుకుంటుంటే పక్కనే చెవి మిషను, "నాకేమన్నా చెముడా, కంప్యూటర్‌కి కూడా లోకువైపోయా" అని రెండ్రోజులు నీతో మాట్లాడలేదట. అక్క సంగతి నాకు తెలీదా, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వేమో మూడుసార్లు కుక్కీలు డిలీట్ చేశా మామయ్యా, మర్నాటికి మళ్ళీ వచ్చేశాయి అంటున్నావు. చేశావులే, నమ్ముతా, కాకపోతే తుంగ పీకినట్టు పీకావు, ఆకు చేతికొచ్చింది గడ్డ కిందే ఉండిపోయింది.

అసలు కుక్కీ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. 4 కేబీ కూడా ఉండని చిన్న చీటీ, నువ్వు ఫలానా నంబరు మనిషివి అని సైటు నీ బ్రౌజర్లోనే రాసి పెట్టుకుంటుంది, 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటులీ అనే ఆయన మొదలుపెట్టాడు, బజారుకెళ్ళినప్పుడు సంచిలో ఏం వేశావో కొట్టువాడు మర్చిపోకుండా అన్నమాట. యాడ్ కంపెనీలు దాన్ని పట్టుకుని ఎక్కడెక్కడికో తీసుకెళ్ళాయి. 2010లో సామీ కామ్‌కర్ అనే కుర్రాడు ఎవర్‌కుక్కీ అని ఒకటి చేసి చూపించాడు, అదే నంబరుని పదికి పైగా చోట్ల దాస్తుంది, మనం ఒకచోట చెరిపితే ఇంకోచోటి నుంచి తెచ్చి మళ్ళీ రాస్తుంది. అప్పట్లో బ్రౌజర్లో వీడియోలు, ఆటలు ఆడించే ఫ్లాష్ అనే ప్రోగ్రాంలో కూడా దాచేవాళ్ళు, 2020తో ఫ్లాష్ పోయింది, ఆ పీడ వదిలింది. మిగతా చోట్లు ఇంకా ఉన్నాయి. అంచేత చెరిపేముందు తిరిగి రాసేది ఎవరో చూడాలి.

మొట్టమొదటి దొంగ నీ ట్యాబులే. నీకు నలభై ట్యాబులు తెరిచి ఉంచే అలవాటుంది, నాకు తెలుసు. ఆ చెవి మిషను సైటు ఒక మూల తెరిచే ఉంటే నువ్వు ఇక్కడ చెరిపిన నిమిషానికి అది అక్కడ మళ్ళీ రాసేసుకుంటుంది. అన్నీ మూసెయ్, ఒక్క ఖాళీ ట్యాబ్ ఉంచు. తర్వాత ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు చూడు, కూపన్లు వెతికేది, వాల్‌పేపర్ మార్చేది, ఎప్పుడు పెట్టావో గుర్తులేనిదల్లా తీసెయ్, మొహమాటపడకు. నా నెట్ సెంటర్లో ఒకసారి ఎవరో ఊరికే వచ్చిందని టూల్‌బార్ ఒకటి ఎక్కించి పోయారు, ఎనిమిది సిస్టమ్స్‌లో ఐదింటికి పాకింది, హోమ్‌పేజీ మారుస్తా ఉంటే అది వెనక్కి మారుస్తా ఉంది, మూడు రాత్రులు కూర్చున్నా.

ఇప్పుడు క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కు. పైన టైమ్ రేంజ్ ఉంటుంది, నువ్వక్కడే బోల్తా పడి ఉంటావ్, చివరి గంట అని ఉంటే ఆ గంటలో వచ్చినవే పోతాయి, పోయిన వారం కుక్కీ హాయిగా కూర్చునే ఉంటుంది. ఆల్ టైమ్ పెట్టు. కుక్కీస్ అండ్ సైట్ డేటాకి టిక్కు, క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్‌కి కూడా టిక్కు. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, బొమ్మలే కదా అని. కానీ బ్రౌజర్ ఒక బొమ్మ దాచుకునేటప్పుడు దాంతోపాటు సైటు ఇచ్చిన ఒక గుర్తు కూడా దాచుకుంటుంది, ఈటాగ్ అంటారు, మళ్ళీ వెళ్ళినప్పుడు "నా దగ్గర ఈ గుర్తు బొమ్మ ఉంది, మారిందా" అని అడుగుతుంది. సైటు వాడు తలా ఒక వేరే గుర్తు ఇచ్చాడనుకో, అదే నీ పేరు. కుక్కీ లేకుండానే గుర్తుపట్టేశాడు చూడు.

పాస్‌వర్డ్స్ అనే టిక్కు కనిపిస్తే మాత్రం ముట్టుకోకు. ఒక రిటైర్డ్ మాస్టారికి అన్నీ శుభ్రం చేస్తానని అది కూడా నొక్కేశా, పెన్షన్ సైటు పాస్‌వర్డ్‌తో సహా పోయింది, ఆయన ఏమీ అనలేదు కానీ కళ్ళజోడు తుడుచుకుంటూ అలాగే కూర్చున్నాడు, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. కుక్కీలు పోతే మెయిలూ బ్యాంకూ అన్నీ మళ్ళీ లాగిన్ అడుగుతాయి, ఓటీపీ వచ్చే ఫోను పక్కనే పెట్టుకో.

ఒక్క సైటే మొండికేస్తే దాన్నే తెరిచి ఎఫ్12 నొక్కు, అప్లికేషన్ అని ఉంటుంది, అందులో కుక్కీస్. ఒక పట్టిక వస్తుంది, పేరు, విలువ, డొమైన్ అంటే సైటు పేరు, ఎక్స్‌పైర్స్ అంటే గడువు తేదీ. డొమైన్ దగ్గర నువ్వు తెరిచిన సైటు కాకుండా ఎప్పుడూ వినని పేరు ఉంటే వాడే బయటివాడు. ఎక్స్‌పైర్స్ దగ్గర వచ్చే ఏడాది తేదీ కనిపిస్తే కంగారుపడకు, క్రోమ్‌లో 2022 నుంచి 400 రోజులు దాటనివ్వరు, అంతకుముందు ఏళ్ళకేళ్ళు పెట్టేవాళ్ళు. పైన స్టోరేజ్ మీద నొక్కితే క్లియర్ సైట్ డేటా బటన్ ఉంటుంది, కుక్కీలతోపాటు సైటు నీ బ్రౌజర్లో దాచుకునే లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ లాంటి వేరే చోట్లు కూడా ఒక్క దెబ్బకి పోతాయి. వెంటనే ట్యాబ్ మూసెయ్, చూద్దామని రీఫ్రెష్ కొట్టావో మళ్ళీ మొదటికే.

క్రోమ్ మూసినా పూర్తిగా మూతపడకపోవచ్చు, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడుస్తూ ఉండే బటన్ ఉంటుంది, ఆపెయ్. థర్డ్ పార్టీ కుక్కీస్, అంటే నువ్వు తెరిచిన సైటు కాకుండా బయటివాళ్ళు పెట్టేవి, బ్లాక్ చెయ్. గూగుల్ వాళ్ళు వీటిని రెండేళ్ళలో తీసేస్తామని 2020లో చెప్పి 2024లో మానుకున్నారు, కాబట్టి వాళ్ళు తీస్తారని కూర్చోకు. సఫారీలో 2020 నుంచే పూర్తిగా బ్లాక్, ఫైర్‌ఫాక్స్‌లో 2022 నుంచి ఏ సైటు కుక్కీ దాని డబ్బాలోనే ఉంటుంది. నేనైతే ఫైర్‌ఫాక్స్‌కి మారి యాడ్లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా, మీ అత్తయ్య ఫోన్లో కూడా వేశా.

ఇంత చేసినా యాడ్ వస్తే అది కుక్కీ పని కాదు. గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి వెతికావు కదా, అది అకౌంట్‌లోనే రాసి ఉంటుంది, మై యాడ్ సెంటర్‌లోకి వెళ్ళి పర్సనలైజ్డ్ యాడ్స్ ఆఫ్ చెయ్. స్క్రీన్ సైజు, ఫాంట్లు చూసి మెషీన్ని గుర్తుపట్టే పద్ధతి కూడా ఉంది, దానికి చెరపడానికేం ఉండదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

మీ అమ్మకి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ ఒకటి చేసిపెట్టు, ఎవరి కుక్కీలు వాళ్ళకే ఉంటాయి. ఈసారి మిషన్ల ధరలు చూడాలంటే లాగిన్ అవ్వకుండా ఇన్‌కాగ్నిటో కిటికీలో, అంటే మూశాక కుక్కీలు ఉంచుకోని దాంట్లో చూసి, అలాంటి కిటికీలన్నీ మూసెయ్. అదైనా మీ అమ్మ పడుకున్నాకే. వినికిడి పరీక్షకి నేనొచ్చి తీసుకెళ్తాలే, నాకు చెవిలో హోరు వస్తోంది తోడు రా అక్కా అంటే వస్తుంది, అప్పటిదాకా నువ్వు నోరు జారకు.

మీ మామయ్య