చెరి నాలుగెకరాలు పంచుకున్నాం, పంట మాత్రం సమానంగా రావట్లేదు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. నాన్న పోయాక ఎనిమిదెకరాల మెట్ట చేను నేనూ తమ్ముడూ చెరిసగం పంచుకున్నాం. రెండేళ్ల కింద పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు. నాకు మిట్ట వైపు గరుసు ఎర్రనేల వచ్చింది, తమ్ముడికి పల్లంలో నల్లరేగడి. ఇద్దరం పత్తే వేస్తున్నాం, వాడి దిగుబడిలో నాకు సగం కూడా రావట్లేదు. అక్కకి వాటా ఇవ్వలేదు, తను అడగలేదు. మళ్లీ పంచమని కోర్టుకి వెళ్లొచ్చా?

జవాబు: చట్టం లెక్కలో సమాన వాటా అంటే ఎకరాల్లో కాదండీ, విలువలో సమానం. పార్టిషన్ (ఆస్తి పంపకం) కేసులో కోర్టు కమిషనర్‌ని, అంటే తన తరఫున చేను చూసొచ్చే మనిషిని, వేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 14 కింద ఆయన చేనంతా చూసి వాటాలు వేస్తాడు, ఒకరి ముక్క విలువ ఎక్కువైతే రెండోవాళ్లకి ఇంత డబ్బు కట్టమని కూడా చెప్పొచ్చు. అంటే మిట్ట నాలుగున్నర, పల్లం మూడున్నర అని చీల్చినా తప్పేం లేదు. ఇదంతా సంతకం పెట్టకముందు అడగాల్సిన మాట, అదే చిక్కు.

మేజర్లు ఇష్టపడి చేసుకున్న పంపకాన్ని మోసం, బలవంతం, తప్పుదోవ పట్టించడం లాంటివి ఉంటే తప్ప తిరగదోడకూడదని రత్నం చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముడికి ఎక్కువ పండటం మోసం కాదు కదా, చిన్నప్పటి నుంచి అదే చేలో తిరిగిన మీకు ఏది మిట్టో ఏది పల్లమో తెలీదంటే ఏ జడ్జీ నమ్మడు.

మీకు దారి ఉంటే అది ఆ స్టాంపు పేపర్లోనే ఉంది. "ఇప్పుడు పంచుకుంటున్నాం" అని రాసుంటే అది రిజిస్టర్ కావాల్సిన దస్తావేజు, రిజిస్టర్ కాలేదు కాబట్టి పంపకానికి సాక్ష్యంగా పనికిరాదు. "ఇదివరకే పంచుకున్నాం, గుర్తుకోసం రాసుకుంటున్నాం" అని ఉంటే మాత్రం తమ్ముడిదే పైచేయి. ఇక అక్క సంగతి, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు దాన్ని ఇంకా గట్టి చేసింది. అక్క కేసు వేస్తే మీ పంపకం నిలబడటం కష్టం. కానీ అప్పుడు వాటాలు మూడవుతాయి, అమ్మగారు ఉంటే ఆవిడకీ పోవాలి, మీ నాలుగెకరాలు మూడు కంటే తగ్గుతాయి, ఇది ఆలోచించుకుని మరీ దిగండి.

సరే, కేసు దాకా వెళ్లినా నేల తేడా రుజువు చెయ్యాల్సింది మీరే. వాలులో వానకి పైమట్టి, సన్న బంకమట్టి, ఎరువు సారం అన్నీ కిందికి కొట్టుకుపోయి పల్లంలో చేరతాయి, మిట్టన లోతు తక్కువ, అడుగున గరుసు, తడి పట్టి ఉంచదు, అందుకే వాన మొహం చాటేసిన ఏడు మీ పత్తి ముందు వాడిపోతుంది. అదే కుండపోత వానలు పడ్డ ఏడు పల్లంలో నీళ్లు నిలిచి తమ్ముడి చేనే పసుపు రంగుకి తిరిగి దెబ్బతినొచ్చు, అవతలి లాయరు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాడు. కాబట్టి ఒక్క ఏడాది లెక్క చాలదు, నాలుగైదు ఏళ్ల పత్తి అమ్మిన చీటీలు దాచండి. తమ్ముడు ఎరువు ఎక్కువ వేస్తున్నాడా, బోరు ఉందా అన్నదీ తేలాలి.

ప్రభుత్వం మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు ఉంది కదా అనుకోకండి. 2015లో ఆ పథకం మొదలైనప్పుడు మెట్టలో 10 హెక్టార్లకి, అంటే సుమారు 25 ఎకరాలకి ఒక శాంపిల్ తీశారు, మీ ఇద్దరి కార్డుల్లోనూ ఒకే అంకెలు ఉన్నా ఆశ్చర్యం లేదు. మిట్టన, నడుమ, పల్లంలో విడివిడిగా మట్టి తీయించాలి, కోర్టులో అయితే అదే ఆర్డర్ 26లోని రూల్ 10ఎ కింద శాస్త్రీయ పరిశీలనకి కమిషనర్‌ని అడగొచ్చు. పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో (రెవెన్యూ రికార్డు) నేల తరం, అంటే నేలకిచ్చిన గ్రేడు, ఉంటుంది, అదీ తీయండి, కానీ మొత్తం సర్వే నంబర్‌కి ఒకటే తరం ఉంటే మీకు పెద్దగా పనికిరాదు.

నన్నడిగితే కేసు కంటే ముందు తమ్ముడితో ఒక మాట కదపండి. గట్టు అడ్డంగా కాకుండా మిట్ట నుంచి పల్లం దాకా నిలువుగా వేస్తే ఇద్దరికీ రెండు రకాల నేలా వస్తుంది. ముక్కలు సన్నగా పొడుగ్గా అవుతాయి, వాలు వెంట దున్నితే మట్టి ఇంకా కోసుకుపోతుంది, కాబట్టి అరక అడ్డంగానే తోలాలి, దానికీ పైనుంచి కిందికి బండిదారికీ ముందే మాట్లాడుకోండి. ఒప్పుకుంటే అక్కని, అమ్మగారిని కూడా కూర్చోబెట్టి, సర్వేయర్‌తో కొలిపించి, ఈసారి రిజిస్టర్ చేయించండి. ఒప్పుకోకపోతే ఆ స్టాంపు పేపర్ జిరాక్స్, 1బి, అడంగల్ (భూమి రికార్డు నకళ్లు) పట్టుకుని దగ్గర్లోని సివిల్ లాయర్ దగ్గరికి వెళ్లండి, ముందుగా చూపించాల్సింది ఆ పేపరే.