ఇంగ్లండ్ పోయి బ్యాండ్ పెట్టాలనుకునే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు

ఏటా సెలవుల్లో తిరుపతి వచ్చినప్పుడు నన్ను అడిగే సందేహాలన్నీ వీసా, అద్దె, పార్ట్ టైమ్ ఉద్యోగం, అక్కడ కరివేపాకు దొరుకుతుందా లేదా, వీటి చుట్టూనే తిరుగుతాయి. ఈసారి కొర్లగుంట నుంచి ఒక తమ్ముడు, చిత్తూరు నుంచి వాడి ఫ్రెండు మా అమ్మ వాళ్లింటికి వచ్చి వేరే ప్రశ్న అడిగారు. "అక్కా, నేను సొంతంగా పాటలు రాసి ట్యూన్ కట్టుకుంటా, వీడు కంజీర వాయిస్తాడు, సెప్టెంబర్లో ఇద్దరం మాస్టర్స్‌కి పోతున్నాం, అక్కడోళ్లతో కలిసి బ్యాండ్ పెట్టడం అయ్యే పనేనా?" ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో స్థిరపడి, అక్కడి గిటారు, బేస్ (కింది స్వరాలు పలికే గిటారు), డ్రమ్స్ వాళ్లతో కలిసి తెలుగు పాటలు పాడుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్పాను. ఇదే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అయ్యే పనే. కాకపోతే బయల్దేరే ముందే ఒక విషయం బుర్రలోకి ఎక్కించుకోవాలి. మనం చిన్నప్పటి నుంచి మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో చూసింది ఏంటి? పాడేవాళ్లు మధ్యలో, వయొలిన్ ఒక పక్క, మృదంగం ఇంకో పక్క. పాడేవాళ్లు ఎటు పోతే వాళ్లు అటు. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాలోనూ అంతే, సింగర్ శ్రుతి ఏదంటే కీబోర్డు అబ్బాయి అదే పట్టుకోవాలి. అక్కడ బ్యాండ్ అలా నడవదు. డ్రమ్స్ వాయించేవాడు నీ పాట విని "రెండో చరణం తీసేద్దాం, సాగుతోంది" అంటాడు. బేస్ వాయించే అమ్మాయి నువ్వు అనుకోని చోట ఆపేస్తుంది, అక్కడ ఖాళీ ఉంటే బాగుంటుందని. పాట నీదే, దాన్ని ఎలా వినిపించాలన్నది అందరిదీ. ఇది ఒంటికి పడేవాళ్లే బ్యాండ్ జోలికి వెళ్లాలి. పడదు, నా పాట నా ఇష్టం అంటే, గంటకింత అని డబ్బులిచ్చి సెషన్ వాయిద్యకారులను పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు, ఎవరికీ మనసు కష్టం ఉండదు. స్నేహం పేరుతో పిలిచి జీతగాళ్లలా చూస్తేనే మూడో నెలకు బ్యాండ్ మాయమైపోతుంది.

ఇప్పుడు వీసా గొడవ, ఇది పాట కన్నా ముందు తెలుసుకోవాల్సింది. యూకే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకా ఉద్యోగం చేసుకోవచ్చని మన వాళ్లందరికీ తెలుసు. కానీ అదే వీసా మీద ఫ్రీలాన్స్, సొంత సంపాదన కుదరదని, ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదని కూడా నిబంధనల్లో ఉంది, ఇది చాలామంది చదవరు. అంటే పబ్ వాళ్లు పాడినందుకు చేతిలో యాభై పౌండ్లు పెట్టినా, "డబ్బులు కాదులే, దారి ఖర్చులు" అన్నా తీసుకోకండి. ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా పేరు రాయించుకుని పాడే చోట, సరదాకి రెండు పాటలు పాడటం వేరు సంగతి, అయినా యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ సలహాదారుకు ఒక ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి, టెన్షన్ ఉండదు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాలోకి మారితే సొంతంగా సంపాదించుకోవచ్చు. అది ఇప్పటిదాకా మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలు. స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో డిపెండెంట్ వీసా మీద ఈ ఇబ్బంది లేదు, నేను అలా వచ్చినదాన్నే. సొంత సంపాదన ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ట్యాక్స్ లేదు, వాళ్ల ట్యాక్స్ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది.

కాబట్టి చదువుకునే ఏడాదిని మనుషులను వెతుక్కోవడానికి వాడుకోండి. యూనివర్సిటీ మ్యూజిక్ సొసైటీ ఒక దారి, అక్కడ మీ వయసు వాళ్లే ఉంటారు. రిహార్సల్ స్టూడియోల గోడ మీద కాగితాలు అంటిస్తారు, "డ్రమ్మర్ కావాలి" అని, అది ఇంకో దారి. అన్నిటికన్నా మంచిది పబ్‌లో జరిగే ఓపెన్ మైక్, ముందు వెళ్లి పేరు రాయించుకుంటే రెండు మూడు పాటలకు అవకాశం ఇస్తారు. పబ్ అనగానే ఆ తమ్ముడి మొహం మారింది, ఇంట్లో ఏం చెప్పాలక్కా అన్నాడు. ఆరెంజ్ జ్యూస్ తెచ్చుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, బలవంతం చేయరు, చాలా పబ్బుల్లో సాయంత్రం పిల్లలతో వచ్చి భోంచేసే కుటుంబాలు ఉంటాయి, మీ అమ్మకు ఆ ఫొటో పంపించు అన్నాను. చిన్న చిన్న పబ్బుల్లో కూడా పాటలు ఉండటానికి ఒక చట్టం కారణం. 2012 నాటి లైవ్ మ్యూజిక్ యాక్ట్ వల్ల ఇంగ్లండ్, వేల్స్‌లలో మద్యం లైసెన్సు ఉన్న చోట ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు సంగీతానికి మామూలుగా వేరే అనుమతి అక్కర్లేదు, మొదట 200 మంది శ్రోతల దాకా అన్నారు, 2015లో దాన్ని 500 చేశారు. పదకొండు కాగానే టక్కున ఆపేసేది కూడా అందుకే, మొహమాటం లేకుండా ప్లగ్ తీసేస్తారు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ పాట అవగానే బ్యాగు తీసుకుని వెళ్లిపోకండి. చివరిదాకా కూర్చుని అందరివీ వినండి, బాగా వాయించినవాళ్ల దగ్గరికి పోయి ఏం నచ్చిందో చెప్పండి. మళ్లీ వారం అక్కడే కనిపించండి. నా బ్యాండ్ అంతా అలా దొరికినవాళ్లే, ఎవరూ నా గొంతు విని పరిగెత్తుకుని రాలేదు, వారం వారం కనిపించే మనిషి అని మాట కలిపారు.

ఇక అసలు సంగతి, వాళ్లతో కూర్చున్నాక ఏ భాషలో మాట్లాడతారు? ఇంగ్లీషు కాదు నేను అడిగేది. నువ్వు ఒకటిన్నర శ్రుతికి పాడతా అంటే వాళ్లకేం తెలుస్తుంది. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఇది నోటికి రావాలి. సి షార్ప్ అంటే గిటారు వాళ్లు మూతి విరుస్తారు, మొదటి ఫ్రెట్ (గిటారు మెట్టు) మీద కేపో, అంటే తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టుకుని సి లాగా వాయించుకోమంటే సరిపోతుంది. శ్రుతి యాప్ వాడేవాళ్లు దాంట్లో వాళ్లు వాయిద్యాలు శ్రుతి చేసుకునే 440 హెర్ట్జ్ ప్రమాణం పెట్టుకున్నారో లేదో చూసుకోండి, మన ఇంట్లో పాత హార్మోనియం శ్రుతికి అలవాటుపడి వెళ్తే వాళ్ల కీబోర్డుతో సన్నగా కొట్టుకుంటుంది, ఎక్కడ తేడా వస్తోందో అర్థం కాక గంట పోతుంది.

రాగాల విషయంలో సులువు దారి ఉంది. శంకరాభరణం వాళ్ల మేజర్ స్కేలు (స్కేలు అంటే స్వరాల వరుస), నఠభైరవి నేచురల్ మైనర్, కీరవాణి హార్మోనిక్ మైనర్, ఖరహరప్రియ డోరియన్, కళ్యాణి లిడియన్, మోహనం మేజర్ పెంటటోనిక్. స్వరాలు అవే, రాగం అదే అని మాత్రం అనుకోకండి, ఇక్కడే మన వాళ్లు ఇబ్బంది పడతారు. తోడిలో గాంధారం ఒక చోట నిలబడదు కదా, ఊగుతూ ఉంటుంది, కింద కీబోర్డు అబ్బాయి గట్టిగా ఒక కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) పట్టి ఉంచితే మీ గమకం అపస్వరంలా వినిపిస్తుంది, మీదే తప్పు అనుకుంటారు. అలాంటి చోట కార్డ్ వద్దు, స, ప మాత్రమే పట్టుకోమని చెప్పండి, లేదా ఆ జాగా బేస్‌కి వదిలేయండి. సరళీ వరుసలు నేర్చుకున్న మాయామాళవగౌళ ఉంది చూశారా, దానికి మాత్రం వాళ్లు ఎగిరి గంతేస్తారు. సి శ్రుతిలో అయితే సి మేజర్, డి ఫ్లాట్ మేజర్, ఎఫ్ మైనర్, ఈ మూడు కార్డ్‌లూ దానిలో పడిపోతాయి, పాట ఒక్క సాయంత్రంలో నిలబడుతుంది.

తాళం ఇంకా సులువు అనుకుంటాం, కాదు. ఆది తాళం ఎనిమిది వాళ్లకు నాలుగు నాలుగుగా రెండు బార్లు (తాళం ముక్కలు), మిశ్ర చాపు ఏడు, ఖండ చాపు ఐదు, లెక్క వాళ్లకూ తెలుసు. తంటా వచ్చేది ఎత్తుగడలో. మనం చప్పట పడ్డాక అర అక్షరం ఆగి పల్లవి ఎత్తుకుంటే డ్రమ్మర్ నువ్వు మొదలుపెట్టిన చోటే ఒకటి అనుకుంటాడు, ఇక అక్కడి నుంచి ఇద్దరూ చెరో దారి. తొడ మీద తాళం వేస్తే గిటార్ల మధ్య ఎవరికీ కనపడదు. నోటితో వన్ టూ త్రీ ఫోర్ చెప్పి ఎత్తుకోండి, సిగ్గుపడకండి. ఫోన్లో రికార్డు చేసి పంపేటప్పుడు కూడా శ్రుతి, గొంతు, చప్పట్లు, అంతే. అన్ని వాయిద్యాలూ కంప్యూటర్లో పెట్టేసి పంపితే ఇక వాళ్లకు చేయడానికి ఏం మిగిలింది?

పాట తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాస్తేనే వింటారన్నది మన భయం. అర్థం రెండు ముక్కల్లో చెప్పి పాడితే చాలు. కానీ శ్రోతలు మాట్లాడుకుంటూ ఉంటారు, గ్లాసులు మోగుతుంటాయి, సభలో కూర్చున్నట్టు నిశ్శబ్దం ఉండదు. దీనికి కచేరీల కన్నా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం ఎక్కువ నేర్పుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం, జనం శనక్కాయలు తింటూ, పిల్లలను నిద్రపుచ్చుతూ, లేచి తిరుగుతూ ఉంటారు. ఆ నటుడు వచ్చీ రాగానే నేను ఫలానా అని పాడి, అడుగు వేసి, జనాన్ని తన వైపు తిప్పుకుంటాడు. ఆ చిత్తూరు అబ్బాయికి ఇదే చెప్పాను, పోయేలోపు మళ్లీ ఒకసారి పోయి రాత్రంతా కూర్చో, పాట కోసం కాదు, వాళ్లు జనాన్ని ఎలా పట్టుకుంటారో చూడటానికి.

వాడి కంజీర గురించి ఒక మాట. పాత కంజీరలకు ఉడుము చర్మం వేస్తారు. ఉడుము మన వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, అంతర్జాతీయంగా కూడా దాని చర్మం వ్యాపారం నిషిద్ధం. అది సూట్‌కేసులో పెట్టుకుని చెన్నై ఎయిర్‌పోర్టుకు వెళ్లకండి, మేక చర్మందో, సింథటిక్‌దో కొనుక్కోండి. దంతం, జింక కొమ్ము పని ఉన్న పాత వీణలు కూడా అంతే. గిటారు ఇక్కడి నుంచి మోయొద్దు, అక్కడ సెకండ్ హ్యాండ్‌వి బోలెడు. డ్రమ్స్ సంగతి, చాలా చోట్ల పెద్ద డ్రమ్ములు వేదిక వాళ్లే ఇస్తారు, సింబల్స్ (ఇత్తడి పళ్లేలు), స్నేర్ (చిన్న డ్రమ్ము), పెడల్ మాత్రం వాయించేవాళ్లు తెచ్చుకోవాలి. స్టూడెంట్ గదుల్లో ప్రాక్టీసు అనే ఆలోచన వదిలేయండి, పక్కింటివాళ్లు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే ఆంప్లిఫయర్ జప్తు చేసే అధికారం కూడా కౌన్సిల్‌కుంది.

తిరుపతి పిల్లలు తప్పకుండా అడిగేది, అన్నమయ్య కీర్తనను బ్యాండ్‌తో రికార్డు చేసి పెట్టొచ్చా అని. సాహిత్యం ఐదు వందల ఏళ్ల నాటిది, ఆయన కాలం 1408 నుంచి 1503 అంటారు, దానిమీద ఎవరికీ హక్కు లేదు. ట్యూన్ అలా కాదు. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు, మనం వినే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ లాంటి వాళ్లు మన కాలంలో కట్టినవి. మన దేశంలో కాపీరైటు స్వరకర్త పోయాక 60 ఏళ్లు, బ్రిటన్ చట్టంలో మామూలుగా 70. కాబట్టి అనుమతి అడగండి, లేదా మీరే కొత్త వరుస కట్టండి, ఎలాగూ మీరు పాటలు కట్టేవాళ్లే కదా. నాకు రెండోదే ఇష్టం.

డబ్బుల దగ్గర మన అలవాటు ఒకటి మానుకోవాలి. రిహార్సల్ గదికి గంటల లెక్కన అద్దె, మన వాళ్లు "నేనిస్తాలే" అని జేబులో చెయ్యి పెట్టేస్తారు. రెండుసార్లు ఇస్తే మర్యాద, ప్రతిసారీ ఇస్తే బ్యాండ్ మీదైపోతుంది, వాళ్లు చుట్టాలైపోతారు. సమానంగా పంచుకోండి. మొదటి పాట రికార్డు చేసే ముందే ఒక కాగితం మీద రాసుకోండి, మాటలు ఎవరివి, వరుస ఎవరిది, ఎవరికి ఎంత శాతం, ఎవరైనా వెళ్లిపోతే బ్యాండ్ పేరు ఎవరికి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అని మనకే ఇబ్బంది, వాళ్లు అదేమీ అనుకోరు. పాట రాసినవాళ్ల హక్కు చూసేది పీఆర్ఎస్ ఫర్ మ్యూజిక్, రికార్డింగులో వాయించినవాళ్ల వాటా చూసేది పీపీఎల్, రెండూ వేరు వేరు. పీపీఎల్‌లో చేరడానికి డబ్బులు అక్కర్లేదు, మీ డ్రమ్మర్‌ను కూడా చేర్పించండి. "టికెట్లు మీరే ఇన్ని అమ్మాలి, లేకపోతే ఆ డబ్బు మీరే కట్టాలి" అనే ఈవెంట్ల వాళ్లు తగులుతారు, మాకూ ఒకరు తగిలారు, నమస్కారం పెట్టి వచ్చేశాం.

చివరగా తెలుగు సంఘాలు. బ్యాండ్ ఉందని తెలియగానే ఉగాదికి పిలుస్తారు, సినిమా పాటలు పాడమంటారు. ఒకటి రెండు పాడండి, మధ్యలో మీ సొంత పాట ఒకటి ఇరికించండి, బ్యాండ్‌ను మాత్రం ఆ పనికే కట్టుకోకండి, డ్రమ్మర్‌కు మన సినిమా పాటలు ఇరవై నేర్పేసరికి మీ పాట అటకెక్కుతుంది. ఇంకోటి, పిలుపు కార్డులో సాయంత్రం ఐదు అని ఉంటే దీపం వెలిగేది ఆరున్నరకు, ప్రసంగాలయ్యి మన వంతు వచ్చేది ఎనిమిదికి. ఐదంటే ఐదుకే వచ్చి కూర్చునే మనుషులు మీ బ్యాండ్ వాళ్లు. మీ వంతు ఎప్పుడో కమిటీ వాళ్లను గట్టిగా అడిగి, ఆ టైమే బ్యాండ్ వాళ్లకు చెప్పండి, భోజనం ముందే పెట్టించండి. పులిహోర దగ్గర మా బేస్ అమ్మాయిని ఆపడం నావల్ల కావడం లేదు.