బంతి సెట్టర్ దగ్గరికి చేరాలంటే

ప్రశ్న: నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కళాశాల వాలీబాల్ జట్టులో వెనుక వరుసలో ఆడతాను. సర్వీస్‌ను అండర్‌హ్యాండ్‌తో, అంటే రెండు ముంజేతులు కలిపి, తీస్తే బంతి ఒకసారి నెట్ దాటి అవతలి కోర్టులో పడుతుంది, ఇంకోసారి పక్కకు ఎగిరిపోతుంది. మైదానంలో సాధన వారానికి రెండు రోజులే. మిగతా రోజుల్లో ఇంటి ప్రహరీకి కొట్టి సాధన చేస్తున్నాను. గోడ దగ్గర పాస్ చక్కగా వస్తుంది కానీ కోర్టులో రావడం లేదు. ఎందుకిలా జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: గోడకు కొట్టిన బంతి ఎటు నుంచి వస్తుందో, దానిని మీరు మళ్లీ అటే పంపుతున్నారు. కోర్టులో అలా కుదరదు. సర్వీస్ ఎదుటి జట్టు వెనుక గీత అవతలి నుంచి వస్తుంది. మీరు పంపవలసింది మాత్రం నెట్ పక్కన, మధ్యకు కాస్త కుడివైపుగా నిలబడిన సెట్టర్‌కు, అంటే దాడి చేసేవారికి బంతిని ఎత్తి అందించే ఆటగత్తెకు. బంతి వచ్చే దిక్కు ఒకటి, పోవలసిన దిక్కు ఇంకొకటి. ఆ మలుపును చివరి క్షణంలో చేతులు ఊపి సాధించబోయినప్పుడే పక్కకు ఎగరడం, నెట్ దాటిపోవడం రెండూ జరుగుతాయి. సర్వీస్‌కు కావలసినంత వేగం అప్పటికే ఉంటుంది కనుక మీ చేతులు దానికి ఇంకా వేగం జోడించనక్కరలేదు, వాలు చూపిస్తే చాలు.

ముందుగా చేతుల అమరిక సరిచూసుకోండి. ఒక చేతి వేళ్లను రెండో చేతి వేళ్ల మీద పెట్టి, రెండు బొటనవేళ్లను పక్కపక్కనే సమానంగా ఆనించండి. వేళ్లను ఒకదానిలో ఒకటి మెలివేయకండి, బంతి బలంగా తగిలినప్పుడు అవి బెణుకుతాయి. ఇప్పుడు బొటనవేళ్లను నేలవైపు వంచితే మోచేతులు వాటంతట అవే బిగుసుకుని, ముంజేతుల లోపలి భాగం రెండువైపులా ఒకే ఎత్తులో పలకలా పరుచుకుంటుంది. బంతి తగలవలసింది ఆ పలక మీదనే, మణికట్టుకు బెత్తెడు పైన. ముంజేతుల మీద సుద్దపొడి రాసుకుని కాసేపు ఆడి చూస్తే బంతి ఎక్కడ తగులుతోందో పొడి చెరిగిన చోటే చెబుతుంది. చాలామందికి అది బొటనవేళ్ల ఎముకల మీద గానీ, ఒక చేతికి మాత్రమే గానీ కనిపిస్తుంది. ఆ లోపం ఉండగా మరే సాధన చేసినా ఫలితం ఉండదు.

ఇక గోడ సంగతి. ఒక్క గోడను వదిలి, ప్రహరీ మూలకు రండి. రెండు గోడలకూ రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, పక్క గోడ మీద మీ చేయి అందే ఎత్తుకు కొంచెం పైన సుద్దతో ఒక పెద్ద వలయం గీయండి. మహిళల పోటీలలో నెట్ ఎత్తు 2.24 మీటర్లు, వలయం దానికి పైనే ఉండాలి. బంతిని ఎదుటి గోడకు విసిరి, తిరిగి వచ్చినదాన్ని అండర్‌హ్యాండ్‌తో పక్క గోడ మీది వలయానికి పంపండి. వలయం కుడివైపున ఉంటే కుడి భుజాన్ని కొద్దిగా దించి, ఎడమ భుజాన్ని లేపాలి. అప్పుడు ముంజేతుల పలక దానంతటదే కుడివైపుకు వాలుతుంది. ఎడమ గోడకు పంపేటప్పుడు దీనికి విరుద్ధంగా చేయాలి. కోర్టులో ఎడమ మూలన ఉన్నప్పుడు సెట్టర్ మీకు కుడివైపున, కుడి మూలన ఉన్నప్పుడు కాస్త ఎడమవైపున ఉంటుంది కాబట్టి రెండు వైపులా సాధన తప్పనిసరి. బంతి చేతుల నుంచి వెళ్లిపోయాక ఒక్క క్షణం అలాగే కదలకుండా నిలబడి, పలక ఎటు చూస్తోందో గమనించండి. అది వలయం వైపే చూస్తూ ఉండి, చేతులు భుజాల ఎత్తు దాటకుండా ఉంటే మీ పాస్ సరైనదే. పక్కనున్న కుర్చీలో ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకుంటే, ఎవరూ చెప్పకుండానే మీ తప్పు మీకే కనిపిస్తుంది.

గోడతో తీరని లోటు ఇంకొకటి ఉంది. గోడ నుంచి బంతి దాదాపు మీరున్న చోటికే వస్తుంది, సర్వీస్ అలా రాదు. అందుకని తమ్ముడినో చెల్లెలినో పిలిచి, బంతిని మీకు నేరుగా కాక రెండడుగులు పక్కకు, ముందుకు, వెనక్కి విసరమనండి. మోకాళ్లు వంచి, బరువు పాదాల ముందు భాగం మీద ఉంచి, కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడకుండా చిన్న చిన్న అడుగులతో జరిగి, బంతి వచ్చేలోపే దాని వెనుక చేరి ఆగాలి. పరుగెడుతూ చేతులు చాచడం కంటే, ముందే చేరి ఆగి తీసిన పాస్ ఎన్నో రెట్లు నమ్మకంగా ఉంటుంది. నా దృష్టిలో పాస్ బాధ్యత సగానికి పైగా కాళ్లదే, అయినా ఇంటి సాధనలో అందరూ వదిలేసేది వాటినే. నెమ్మదిగా వచ్చే బంతిని మోకాళ్లు నిటారు చేస్తూ ఎత్తాలి. వేగంగా వచ్చేదానికి చేతులను ముందుకు కదిలించకుండా, అవసరమైతే కాస్త వెనక్కి తీసుకోవాలి.

మన ప్రాంతానికి సంబంధించి రెండు మాటలు. మిద్దె మీద సాధన చేసేవారు పిట్టగోడ నడుము ఎత్తు లేకపోతే ఆ ఆలోచన మానుకోవాలి, ఎందుకంటే వెనక్కి అడుగులేసే ఆటలో అంచు కనిపించదు. నాపరాయి బండలు పరిచిన వాకిలి దుమ్ము పడితే జారుతుంది కనుక ముందు ఊడ్చి, బూట్లు వేసుకోండి. వేసవిలో ఎండ ముదరకముందే ముగించండి. ప్రహరీ అవతల ఇరుగుపొరుగు ఉంటే, మధ్యాహ్నం వేళ దబదబలు వారికి ఎంత ఇబ్బందో ముందే ఆలోచించి, వారితో మాట్లాడి సమయం పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: సర్వీస్‌ను వేళ్లతో తీస్తే మా ఊరి పోటీల్లో ‘డబుల్’ (బంతి వెంటవెంటనే రెండుసార్లు తగిలింది) అని ఫౌల్ ఇస్తున్నారు. అండర్‌హ్యాండ్‌తోనే తీయాలని నిబంధన ఉందా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: లేదు. సర్వీస్‌ను వేళ్లతో కూడా తీయవచ్చు. సర్వీస్ తీయడం మీ జట్టుకు మొదటి స్పర్శే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జట్టు మొదటి స్పర్శలో, ఒకే కదలికలో భాగంగా, బంతి శరీరంలో ఒకటికి మించిన చోట్ల వెంటవెంటనే తగిలినా తప్పు కాదు. బంతిని పట్టుకోవడం, పట్టి విసరడం మాత్రం ఎప్పుడైనా ఫౌలే. స్థానిక పోటీల్లో నిర్వాహకులు సొంత నియమాలు పెట్టుకోవడం మామూలే కాబట్టి ఆట మొదలవకముందే అడిగి తెలుసుకోండి. అనంతపురం వైపు ఆషాఢంలో గాలి ఎంత బలంగా వీస్తుందో మీకు చెప్పనక్కరలేదు; తేలుతూ వచ్చే సర్వీస్ గాలికి చివరి క్షణంలో దారి మారితే వేళ్లతో తీయడం కష్టం. అలాంటి రోజుల్లో అండర్‌హ్యాండే మేలు. వేళ్ల పాస్ కోసం ఇంట్లో వెల్లకిలా పడుకుని, నుదుటికి పైన బంతిని నిటారుగా ఎగరేస్తూ, పది వేళ్లూ సమానంగా తగులుతున్నాయా అని చూసుకోండి. బంతి గిరగిరా తిరుగుతూ లేస్తే రెండు చేతుల బలం సమానంగా లేదని గుర్తు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇంట్లో సాధన చేసిన ప్రతిసారీ ముంజేతులు ఎర్రగా కందిపోతున్నాయి. ఆపించాలా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: కొత్తలో కందడం మామూలే, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. కానీ ముందు బంతిని చూడండి. పోటీ బంతి బరువు 260 నుంచి 280 గ్రాములు, చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, లోపలి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు. సైకిల్ షాపులో గట్టిగా గాలి కొట్టించిన బంతి రాయిలా తగులుతుంది. పిల్లలకు తక్కువ బరువున్న మెత్తని బంతులు దొరుకుతాయి, అవి కొనండి. పొడుగు చేతుల చొక్కా వేసినా కొంత ఉపశమనం ఉంటుంది. ఒక్కసారే గంటసేపు ఆడించకుండా, ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు చేయించండి. మణికట్టు దగ్గర గానీ, బొటనవేలి మొదట గానీ వాపు వచ్చినా, మరునాటికీ నొప్పి తగ్గకపోయినా సాధన ఆపి వైద్యునికి చూపించండి.