మన కాంప్లెక్స్ సిస్‌ప్లాటిన్ కంటే బాగా పనిచేసిందంటే నమ్మొచ్చా?

మీ రుథీనియం కాంప్లెక్స్ (లోహానికి వేరే అణువులు అతికిన సమ్మేళనం) ఐసీ50 విలువ, అంటే సగం కణాలను చంపడానికి కావాల్సిన మోతాదు, ప్లాటినంతో చేసిన క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ కంటే తక్కువ వచ్చింది, దీన్ని క్యాన్సర్ మందు అనుకోవచ్చా అని అడిగారు. అప్పుడే అనుకోకండి. ముందు ఇది చెప్పండి: సిస్‌ప్లాటిన్‌ను దేంట్లో కరిగించారు?

పీహెచ్‌డీ రెండో ఏట నేను సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాను. మా రాగి కాంప్లెక్సులు నీళ్లలో కరగవు, డీఎంఎస్‌ఓ అనే సల్ఫర్ ఉన్న ద్రావణిలో కరుగుతాయి. పోలిక సమానంగా ఉండాలని సిస్‌ప్లాటిన్ స్టాక్ (నిల్వ ద్రావణం) కూడా అందులోనే చేసి వారాల తరబడి వాడాను. మా కాంప్లెక్స్ ఎన్నో రెట్లు మెరుగని తేలింది. ల్యాబంతా సంబరపడ్డాం. సీనియర్ అక్క ఒకావిడ మాత్రం ఆ స్టాక్‌కి ప్లాటినం ఎన్ఎంఆర్ (ప్లాటినం ఏ రూపంలో ఉందో చూపే పరీక్ష) తీయించమంది. తీస్తే, సిస్‌ప్లాటిన్ పీక్ ఉండాల్సిన చోట ఏమీ లేదు! డీఎంఎస్‌ఓలోని సల్ఫర్ ప్లాటినాన్ని పట్టుకుని ఒక క్లోరైడ్‌ను బయటికి నెట్టేసింది. అన్ని వారాలూ మేం పోల్చుకున్నది అసలు సిస్‌ప్లాటిన్‌తోనే కాదు. సెలైన్‌లో అప్పటికప్పుడు కరిగించి మళ్లీ చేస్తే మా గొప్ప తేడా దాదాపు పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినానికి పక్కపక్కనే అతికి ఉన్న రెండు క్లోరైడ్‌ల మీదే మందు పనితీరంతా ఆధారపడి ఉంది. రక్తంలో క్లోరైడ్ లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్ ఉంటుంది కాబట్టి అవి చాలావరకు ప్లాటినాన్ని వదలవు. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ. అక్కడ ఒకటి ఊడిపోయి నీటి అణువు వచ్చి చేరుతుంది, ఆ తర్వాత ప్లాటినం డీఎన్ఏలో పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్ బేస్‌లను కలిపి కట్టేస్తుంది. డీఎన్ఏ వంగిపోతుంది, కణం విభజన ఆగుతుంది. ట్రాన్స్‌ప్లాటిన్‌లోనూ అవే పరమాణువులు, కానీ క్లోరైడ్‌లు ఎదురెదురుగా ఉంటాయి. అందుకే ఆ కట్టు పడదు, అది మందుగా పనికిరాలేదు. 1960లలో అమెరికా శాస్త్రవేత్త రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూడబోతే, అవి విడిపోకుండా పొడవుగా పెరిగాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్‌ల నుంచి కరిగిన ప్లాటినం. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన వెతికారు కాబట్టే 1978లో అమెరికాలో ఈ మందుకు అనుమతి దాకా వచ్చింది.

ఐసీ50 రెండు వైపులా మోసం చేస్తుంది. రాగి కాంప్లెక్సుల్లో చాలావాటికి ల్యాబ్‌లో కణాలు పెంచే ప్లేటులో ఏ కణాన్నైనా చంపే గుణం ఉంటుంది, ఆరోగ్యకరమైన కణాలనూ వదలవు. ఎన్ఏఎంఐ-ఎ అనే రుథీనియం కాంప్లెక్స్‌ది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ప్లేటులో కణాలను పెద్దగా చంపదు, కానీ జంతువుల్లో క్యాన్సర్ పాకడాన్ని తగ్గించింది. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లి, ఫలితం చాలక అక్కడ ఆగింది.

అందుకని సిస్‌ప్లాటిన్‌ను 0.9 శాతం సెలైన్‌లో తాజాగా కరిగించి మళ్లీ చేయండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, స్ఫటికాలు దిగుతాయి. మీ లిగాండ్‌ను (లోహానికి అతికించిన అణువును) విడిగా, రుథీనియం లవణాన్ని విడిగా పరీక్షించండి. క్యాన్సర్ కాని ఒక మామూలు కణజాతి మీద కూడా చేయాలి. మీ కాంప్లెక్స్‌లో క్లోరైడ్‌లుంటే అదీ డీఎంఎస్‌ఓలో మారిపోవచ్చు. కల్చర్ మీడియంలో 24 గంటలు, 48 గంటల తర్వాత యూవీ స్పెక్ట్రం (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్) తీసి మొదటిదాని పక్కన పెట్టి చూడండి. అది మారిపోయి ఉంటే కణాలను చంపింది మీరు తయారుచేసిన కాంప్లెక్స్ కాకపోవచ్చు, గైడ్‌కి ఆ సంగతి ముందే చెప్పేయండి.