సమాధానం: నేరం జరిగిన రోజు వయసే లెక్క

మీ అన్నగారి అబ్బాయికి గొడవ జరిగిన నాటికి 17 ఏళ్లు, అరెస్టు నాటికి 18 నిండాయి, అందుకే జైలుకు పంపారని రాశారు. ఆ కారణం చెల్లదండీ. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం జరిగిన రోజు వయసే లెక్క.

వెంటనే మేజిస్ట్రేటు ముందే వయసు అభ్యంతరం లేవనెత్తండి. ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు. పుట్టిన తేదీ ఉన్న బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్ అసలు ప్రతి తీసుకెళ్లండి. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే వయసు తేల్చే ఎముకల పరీక్ష. ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు.

నేరం నాటికి మైనరని తేలితే కేసు బాలల న్యాయ మండలికి (జువెనైల్ జస్టిస్ బోర్డు) వెళుతుంది. అక్కడ బెయిలే నియమం, నిరాకరిస్తే కారణాలు రాయాలి. బెయిలు రాకపోయినా, ఇప్పుడు 18 దాటాడు కాబట్టి జైలుకు కాదు, చట్టం చెప్పే సురక్షిత స్థలానికి (ఇలాంటివారిని జైలుకు బయట విడిగా ఉంచే చోటు) పంపాలి.

ఒక్క చిక్కు: కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరమైతే, పదహారు నిండినవారిపై మండలి ప్రాథమిక అంచనా వేసి, పెద్దవారిలా విచారించాలనుకుంటే బాలల కోర్టుకు పంపవచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయో రాయండి. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడగవచ్చు.